లేని వంతెనను చూడబోయి

లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున, వాటర్లూ వంతెన కింద, పాత పుస్తకాల బల్లలు వరసగా వేసి ఉంటాయి. వాన పడినా పుస్తకం తడవదు, పైన వంతెన కాస్తుంది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేసిన చేతికి ఈ చోటు ఇట్టే అలవాటైపోతుంది. తేడా అల్లా ఇక్కడ కేకలుండవు, బేరాలుండవు. అరగంట నిలబడి చదివి, కొనకుండా మళ్ళీ వరసలో పెట్టేసి వెళ్ళినా అమ్మేవాళ్ళు మొహం చిట్లించరు. పుస్తకం మీంచి తలెత్తితే, పక్కలకు తెల్లరాతి పలకలు తొడిగిన పెద్ద వంపు ఒకటి నది మీదికి సాగిపోతూ కనిపిస్తుంది. చూపుకి అది కమానే. లోపల మాత్రం కాంక్రీటు దూలం. కమాను చేసే పని ఏదీ అది చెయ్యదు. జైల్స్ గిల్బర్ట్ స్కాట్ అనే వాస్తుశిల్పి గీయగా, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కట్టిన రూపం అది. దూలాన్ని దూలంలాగే వదిలెయ్యకుండా దానికి కమాను ఆకారం ఎందుకు తొడిగారన్న ప్రశ్నే ఈ యాత్రకు మొదలు.

ఎందుకంటే ఇక్కడ ఒకప్పుడు నిజమైన కమానులు ఉండేవి. 1817 జూన్ 18న తెరిచిన పాత వాటర్లూ వంతెనకు తొమ్మిది కమానులు. ఒక్కోదాని వెడల్పు 120 అడుగులు, అన్నీ సమానం, అన్నీ గ్రానైటు. కట్టించిన ఇంజనీరు జాన్ రెన్నీ, స్కాట్లండ్ రైతుబిడ్డ. 1934లో మొదలుపెట్టి రెండేళ్ళలో ఆ వంతెనను రాయి రాయిగా విప్పేశారు. కాబట్టి దాన్ని చూడాలనుకున్నవాడు నదిని వదిలిపెట్టి బొమ్మల దగ్గరికి వెళ్ళాలి, ఒక సమాధి దగ్గరికి వెళ్ళాలి, ఆ తర్వాత రైలెక్కి ఉత్తరానికి పోవాలి. ఆ బొమ్మలు వేసినవాళ్ళకు రెన్నీ మీద ప్రత్యేకమైన భక్తి ఉందని చెప్పలేం. ఒకరికి రాచపడవలు కావలసి వచ్చాయి, మరొకరికి పొగమంచు కావలసి వచ్చింది. అయినా ఒక ఇంజనీరు పనికి ఇంతకన్నా నమ్మదగిన నివాళి ఇంకోటి లేదని నా వాదన. వాళ్ళు ఆ వంతెనలోంచి ఏం తీసుకున్నారో పరికించి చూస్తే, అది రెన్నీ కాగితం మీద కూర్చుని తేల్చుకున్న నిర్ణయమే.

ఆ నిర్ణయం ఏమిటో ముందు తెలియాలి. కమాను మోసే బరువు నేరుగా కిందికి దిగిపోదు, పక్కలకు కూడా నెడుతుంది. అందుకే పాత రాతి వంతెనలకు స్తంభాలు కోట బురుజుల్లా లావుగా ఉండేవి. పడవలు పోవడానికి నడిమి కమాను పెద్దది చేసి, ఒడ్డులవైపు చిన్నవి చేసుకుంటూ పోయేవారు. దాంతో దారి మధ్యలో గూనిలా పైకి లేచేది, లోడుతో వచ్చే గుర్రబ్బండి ఎక్కలేక ఆయాసపడేది. రెన్నీ కమానులన్నిటినీ ఒక్క కొలతకు తెచ్చాడు. సమానమైన రెండు కమానులు ఒకే స్తంభానికి అటూ ఇటూ కూర్చుంటే ఒకదాని తోపును ఇంకోటి మింగేస్తుంది, అప్పుడు 120 అడుగుల కమానుకు 20 అడుగుల మందం స్తంభం సరిపోతుంది. అర్ధవృత్తం చుడితే 120 అడుగుల వెడల్పుకు 60 అడుగుల ఎత్తు కావాలి. ఆయన దాన్ని కిందికి నొక్కి అర్ధ దీర్ఘవృత్తంగా మార్చాడు. ఎత్తు తగ్గింది, దారి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు గీత గీసినట్టు సమంగా సాగింది. నదిలో అడ్డుకట్టలు వేసి, నీళ్ళు తోడి, అడుగున పునాదులు కట్టారు. కమాను రాళ్ళు పేర్చడానికి కింద పెట్టే చెక్క చట్రాన్ని మన తాపీమేస్త్రులు సెంట్రింగ్ అంటారు కదా, ఆ సెంట్రింగ్‌ను ఒడ్డున బిగించి, పడవల మీద తేలించి తీసుకుపోయి, కమాను చోట నిలబెట్టారు. ఇటలీ శిల్పి కనోవా ఈ ఒక్క వంతెనను చూడ్డానికి రోమ్ నుంచి లండన్ రావచ్చని మెచ్చుకున్నాడని చెప్పుకుంటారు.

వంతెన ఉత్తరపు కొస సోమర్సెట్ హౌస్‌ను ఆనుకుని ఉంటుంది. ఆ భవనంలోని కోర్టోల్డ్ గ్యాలరీలో 2024 సెప్టెంబరు నుంచి 2025 జనవరి దాకా క్లాద్ మోనే వేసిన లండన్ చిత్రాలను ఒకచోట చేర్చి చూపించారు. మోనే 1899, 1900, 1901 సంవత్సరాల్లో మూడుసార్లు వచ్చి, ఇక్కడికి నాలుగడుగుల దూరంలో ఉన్న సవాయ్ హోటల్లో దిగాడు. ఆయన గది కిటికీలోంచి ఎడమకు చూస్తే వాటర్లూ వంతెన, కుడికి చూస్తే చారింగ్ క్రాస్ రైలు వంతెన. వాటర్లూ ఒక్కదాన్నే 41 సార్లు గీశాడు. 1904లో పారిస్‌లో పెట్టిన ప్రదర్శనలో 37 థేమ్స్ చిత్రాలుంటే, అందులో 18 ఈ వంతెనవే. ఆ చిత్రాలను లండన్‌లో చూపించాలన్న ఆశ మాత్రం ఆయనకు తీరలేదు. పుట్టిన చోటికి అవి ఇలా గుంపుగా రావడానికి నూటపాతికేళ్ళు పట్టింది. గ్యాలరీలో జనం గొంతు తగ్గించి మాట్లాడతారు. ఒకరు బొమ్మ ముందు నిలబడితే, వెనకున్నవాళ్ళు తోసుకురారు, తమ వంతు వచ్చేదాకా ఆగుతారు. ఆ ఓపిక ఈ బొమ్మలకు చాలా అవసరం. దగ్గర నిలబడితే ఊదా, నీలం, పసుపు, గులాబి మరకలు తప్ప ఏమీ కనబడవు. పదడుగులు వెనక్కి వస్తే మంచులోంచి ఒక వంపు, దాని పక్కన ఇంకో వంపు, నీళ్ళలో వాటి నీడలు, పైన సమమైన దారి మీద కదిలే బళ్ళ చుక్కలు, ఆవలి ఒడ్డున ఫ్యాక్టరీ గొట్టాల పొగ.

ఇక్కడే మొదటి అభ్యంతరం ఎదురవుతుంది, అది బలమైనదే. మోనే గీసింది పొగమంచును, వంతెనను కాదు. మంచు లేకపోతే లండన్‌లో అందం లేదని ఆయనే అన్నాడు. ఆదివారాలు ఫ్యాక్టరీలు ఆగిపోయి గాలి శుభ్రపడితే దిగులుపడేవాడు. ఆయన బొమ్మల్లో రంగులు మసకబారిన తీరుకూ ఆనాటి గాలిలో గంధకపు పొగకూ పొంతన ఉందని 2023లో వాతావరణ శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి చూపించారు కూడా. అలాంటప్పుడు వంతెన ఒక సాకు మాత్రమే కదా, ఇంజనీరును మధ్యలోకి లాగడం దేనికి? దీనికి జవాబు అదే గోడల మీద ఉంది. అదే కిటికీ, అదే మంచు, అదే చెయ్యి, కుడివైపు చారింగ్ క్రాస్‌ను గీసినప్పుడు బొమ్మ తీరే మారిపోయింది. అది ఇనుప దూలాల రైలు వంతెన. ఆ చిత్రాల్లో అది అడ్డంగా ఒక పలచటి కడ్డీ, దాని మీద రైలింజను ఆవిరి. ప్రాణమంతా ఆవిరిలోనే ఉంది. వాటర్లూ చిత్రాల్లో ప్రాణం కమానుల్లో ఉంది. మంచుకు ఆకారం లేదు. ఆకారం లేనిదాన్ని గుడ్డ మీద నిలబెట్టాలంటే లోపల ఒక వెన్నెముక కావాలి. కొంత దాగినా మిగతాది కన్ను ఊహించుకోగలిగినంత క్రమం అందులో ఉండాలి. రెండు కమానులు కనిపిస్తే మూడోది ఎక్కడ పడుతుందో చూసేవాడికి తెలిసిపోతుంది, ఎందుకంటే అన్నీ ఒకే కొలత. మంచు ఎంత మింగినా వంతెన తెగిపోదు. గూని వంతెనను ఇలా గీస్తే మూడు వంతులు మాయమయ్యాక మిగిలిన వంతు ఏ వంతెనదో కూడా తెలియదు. కమానులు సమానంగా ఉండాలన్నది స్తంభాల మందం తగ్గించడానికి వేసిన లెక్క. ఆ లెక్కే ఎనభై ఏళ్ళ తర్వాత ఒక చిత్రకారుడికి లయ అయింది.

పొలాలు పండించే నది ఒడ్డున పుట్టిన మనకు ఇంకో సంగతి తడుతుంది. పాత వాటర్లూ వంతెన పొడవు రెండువైపుల దారులు కలుపుకుని 2,456 అడుగులు, అంటే ముప్పావు కిలోమీటరు. ఒక కిటికీలో ఇమిడే నది మీద ఒక చూపులో ఇమిడే వంతెన. రాజమండ్రి దగ్గర గోదావరి మీది ఆర్చి వంతెన దాదాపు 2.7 కిలోమీటర్లు. దాన్ని ఎదురుగా నిలబడి చూడడానికి ఏ కిటికీ చాలదు. అందుకే మన ఫొటోల్లో, క్యాలెండర్లలో ఆ విల్లులు ఎప్పుడూ ఏటవాలుగా, దూరం పోయేకొద్దీ చిన్నవవుతూ కనిపిస్తాయి. నది వెడల్పును బట్టే బొమ్మ కోణం కూడా తేలుతుంది కాబోలు.

నది వెంట ఎగువకు నడిస్తే టేట్ బ్రిటన్ వస్తుంది. అందులో జాన్ కాన్‌స్టబుల్ వేసిన వాటర్లూ వంతెన ప్రారంభోత్సవం ఉంది. రెండు మీటర్లు దాటిన వెడల్పు గల పెద్ద చిత్రం. వంతెన తెరిచిన రెండేళ్ళకు ఆలోచన మొదలుపెట్టి, వదిలిపెట్టి, మళ్ళీ పట్టుకుని, 1832లో గానీ ప్రదర్శనకు పెట్టలేదు. ముందు భాగంలో వైట్‌హాల్ రేవు మెట్లు, పడవెక్కబోయే యువరాజు, ఎర్రటి జెండాలు, బంగారు పూత పడవలు. వంతెన మాత్రం దూరంగా, ఆకాశానికీ నీటికీ మధ్య ఒక లేత గీత. ఇంజనీరును చిన్నచూపు చూశారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదని ఎవరైనా అనవచ్చు. పైగా దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ ఫ్రాన్స్‌లో ఉంది. పెరోనే అనే మహా ఇంజనీరు పారిస్ పక్క నోయీ దగ్గర కట్టిన అయిదు కమానుల వంతెనకు 1772లో సెంట్రింగ్ ఊడదీసినప్పుడు, రాజు సమక్షంలో జరిగిన ఆ ఘట్టాన్నే యూబేర్ రోబేర్ చిత్రంగా వేశాడు. చట్రం నీళ్ళలో కూలి, కమాను తన కాళ్ళ మీద తాను నిలబడిన క్షణం అది. ఇంజనీరు గుండె దడ తెలిసిన చిత్రకారుడు మాత్రమే ఆ క్షణాన్ని ఎంచుకుంటాడు. కాన్‌స్టబుల్ ఎంచుకున్నది ఊరేగింపును.

అయినా కాన్‌స్టబుల్ బొమ్మను తక్కువ చెయ్యడానికి నేను ఒప్పుకోను. ముందు భాగంలో ఉన్నదంతా కదిలేది, చెదిరేది: జెండాలు, తెరచాపలు, మేఘాలు, తుపాకుల పొగ. మొదలుపెట్టిన పదమూడేళ్ళకు బొమ్మ ప్రదర్శనకు వచ్చేసరికి ఆ యువరాజు రాజై, పోయి రెండేళ్ళయింది. బొమ్మ మొత్తంలో కదలని గీత ఒక్కటే, అది వంతెన. ఎడమ నుంచి కుడికి వంపు లేకుండా సాగిన ఆ సమమైన దారే చెల్లాచెదురైన రంగులన్నిటినీ కట్టి ఉంచుతుంది. దాన్ని గూనిగా ఊహించుకుని మళ్ళీ చూస్తే బొమ్మ కూలిపోతుంది. ఇంకో విశేషం ఉంది. సరిగ్గా ఈ బొమ్మలోని రోజునే యువరాజు రెన్నీకి సర్ బిరుదు ఇవ్వబోతే ఆయన వద్దన్నాడు. పేరుకు ముందు చేరే మాట అక్కర్లేదనుకున్న మనిషిని దూరాన ఒక లేత గీతగా చూపించడంలో, తెలిసి చేసినా తెలియక చేసినా, ఒక న్యాయం ఉంది.

సెయింట్ పాల్స్ కెథడ్రల్ నేలమాళిగలో ఆయన సమాధి ఉంది. 1821 అక్టోబరులో పోయాడు. పైన పెద్ద గోపురం, కింద తక్కువ ఎత్తు కమానుల కింద రాతిపలకలు. ఆ గోపురం కట్టిన క్రిస్టఫర్ రెన్ అక్కడే ఉన్నాడు. వాటర్లూ యుద్ధం గెలిచిన వెల్లింగ్టన్ అక్కడే ఉన్నాడు. చిత్రకారుడు టర్నర్ కూడా అక్కడే ఉన్నాడు. యుద్ధం చేసినవాడు, దాని పేరున వంతెన కట్టినవాడు, థేమ్స్‌ను బొమ్మల్లోకి ఎక్కించినవాడు ఒకే కప్పు కింద నిద్రపోవడం చూస్తే ఈ నగరానికి పేర్ల మీద ఎంత శ్రద్ధో తెలుస్తుంది. పార్కు బెంచీ వెనక చిన్న ఇత్తడి రేకు మీద, అక్కడ కూర్చోవడం ఇష్టపడిన మనిషి పేరు ఉంటుంది. గొప్పవాళ్ళు కాపురమున్న ఇళ్ళ గోడలకు నీలం పలకలుంటాయి. మన ఊళ్ళలో బడికి గడియారమో ఫ్యానో ఇచ్చిన దాత పేరును ఫ్యాను రెక్కల మీదే రాయించే అలవాటు గుర్తొస్తుంది. ఇంత శ్రద్ధ ఉన్నచోట కూడా గ్యాలరీలో బొమ్మ పక్క చీటీ మీద చిత్రకారుడి పేరు, సంవత్సరం, రంగు రకం, ఇచ్చిన దాత ఉంటారు. బొమ్మలో ఉన్న వంతెన ఎవరి పనో చెప్పే ఆనవాయితీ లేదు.

ఇంతగా పొగిడే ఇంజనీరు వంతెన కూలిపోలేదా అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పకుండా లండన్ దాటకూడదు. 1923లో నడిమి స్తంభం ఒకటి కుంగడం కళ్ళకు కనబడింది, మరుసటి ఏడు దారి మూసేశారు. పడగొట్టడమా, నిలబెట్టడమా అని పదేళ్ళు నగరం వాదించుకుంది. చిత్రకారులూ వాస్తుశిల్పులూ నిలబెట్టమనే పక్షాన గట్టిగా పోరాడి ఓడిపోయారు. కుంగడానికి కారణం పునాది కింద నది మన్ను కోసుకుపోవడం. ఆ కోత ఎందుకు పెరిగిందంటే దిగువన ఉన్న పాత లండన్ వంతెనను తీసేశారు గనుక. ఇరుకు కమానులు, లావు స్తంభాలతో ఆరు శతాబ్దాలు అది నదికి ఆనకట్టలా అడ్డుపడింది. 1831లో దాని పక్కన కొత్త వంతెన తెరిచి పాతదాన్ని పడగొట్టాక ఆటుపోట్లు అడ్డూ ఆపూ లేకుండా పైకి వచ్చాయి, ప్రవాహం వేగం పుంజుకుంది, అడుగు లోతెక్కింది. ఆ కొత్త లండన్ వంతెన రూపం గీసింది కూడా రెన్నీయే. ఆయన పోయాక కొడుకు కట్టాడు. అంటే ఆయన ఒక వంతెనను ఆయన ఇంకో వంతెనే దెబ్బతీసింది. ఇందులో ఆయన తప్పు లేదని నేను అనను. అడ్డు తీస్తే నది మారుతుందని అందరికన్నా ముందు తెలియాల్సినవాడు ఆయనే. కానీ గుర్రబ్బండ్ల కోసం కట్టిన పని మోటారు బస్సులను మోస్తూ నూరేళ్ళు దాటింది. ఆ రెండో వంతెన ముఖం రాళ్ళు 1971 నుంచి అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో లేక్ హవాసు దగ్గర నిలబడి ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు సముద్రం దాటకుండానే రెన్నీ కమానులు చూడవచ్చు.

మళ్ళీ లండన్‌కు వస్తే, ఓడిపోయిన పక్షానికి దక్కిన ఓదార్పు ఇప్పటి వాటర్లూ వంతెన దూలాల కమాను రూపమేనని నాకు అనిపిస్తుంది. బరువు మొయ్యడానికి వంపు అక్కర్లేదు, కానీ ఆ చోట వంపు లేని వంతెనను కన్ను ఒప్పుకోదు. నూరేళ్ళు నదిలోనూ బొమ్మల్లోనూ చూసిన కన్ను అది. యుద్ధకాలంలో ఈ కొత్త వంతెన పని చేసినవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. నది పడవలవాళ్ళు దాన్ని ఆడవాళ్ళ వంతెన అని పిలుచుకునేవారు. 1945 డిసెంబరులో ప్రారంభ సభలో మాత్రం మెచ్చుకోలు మగవాళ్ళకే దక్కింది. 2015లో గానీ ఆ వంతెన అధికారిక వివరాల్లో ఆడవాళ్ళ శ్రమ ప్రస్తావన చేరలేదు. బొమ్మ పక్కన ఇంజనీరు పేరు రాయమని అడగడం చిన్న కోరిక అనుకునేవాళ్ళు ఈ డెబ్భై ఏళ్ళ ఆలస్యాన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఉత్తరానికి పోయే రైలు తూర్పు తీరం వెంట వెళ్తుంది. మొదట చదును పొలాలు, ఎర్ర ఇటుక ఊళ్ళు. తర్వాత గుట్టలు, రాతి గోడల మధ్య గొర్రెలు. కుడివైపు ఉన్నట్టుండి సముద్రం. బెర్విక్ దగ్గర రైలు ట్వీడ్ నదిని దాటుతుంది. రాబర్ట్ స్టీఫెన్‌సన్ కట్టి 1850లో తెరిచిన రాతి వంతెన అది, కమానులు 28. మన గోదావరి ఆర్చి వంతెనకూ 28 విల్లులే కావడం యాదృచ్ఛికమే అయినా తెలుగు యాత్రికుడికి ఆ అంకె తీపి. స్టీఫెన్‌సన్ కమానులు నిలువెత్తు అర్ధవృత్తాలు. రైలు పట్టా ఎత్తున ఉండాలి కాబట్టి ఎత్తును తగ్గించే అవసరం ఆయనకు లేదు. కమాను ఆకారం కట్టేవాడి సరదా మీద ఆధారపడదనీ, పైన పోయేదేమిటో కింద పారేదేమిటో దాన్ని నిర్ణయిస్తాయనీ ఇక్కడ కళ్ళారా తెలుస్తుంది.

ఇంకా పైకి పోతే ఈస్ట్ లింటన్ అనే చిన్న ఊరు. దాని పక్క పొలంలో 1761లో రెన్నీ పుట్టాడు. దగ్గరలోనే ఆండ్రూ మీకిల్ అనే మరల మేస్త్రి కార్ఖానా ఉండేది. ధాన్యం నూర్చే యంత్రం తయారుచేసిన మనిషి ఈయనే. చిన్నతనం నుంచి ఆ కార్ఖానాలో పెరిగిన పిల్లవాడికి రాయి కన్నా ముందు నీటి చక్రం, పంటచేను తెలుసు. చుట్టూ చూస్తే కోనసీమ పచ్చదనానికి అలవాటుపడ్డ కంటికి ఈ నేల పొదుపుగా కనిపిస్తుంది. నల్లటి దుక్కి, తక్కువ ఎత్తు ఆకాశం, గాలికి వంగిన చెట్లు. మనుషులు మాత్రం లండన్‌లోలా చూపు తప్పించుకుపోరు. ఎదురుపడిన కొత్తవాడితో వాన గురించో గాలి గురించో ఒక మాట అంటారు. అక్కడితో ఆగుతారు. ఏ ఊరు, ఏ పని, పిల్లలెంతమంది అని మనవాళ్ళు రైల్లో మొదటి అయిదు నిమిషాల్లో తేల్చుకునే సంగతులు వీళ్ళు పదేళ్ళ స్నేహంలో కూడా అడగరనిపిస్తుంది. ఇక్కడికి దక్షిణాన, ఇంగ్లండు సరిహద్దు సీమలో సెల్కర్క్ బానక్ అని ఒక రొట్టె దొరుకుతుంది. రూపంలో మన దిబ్బరొట్టె, రుచిలో కిస్మిస్‌లు కుక్కిన తియ్యటి బన్ను. ముక్క కోసి వెన్న రాసుకుని వేడి టీతో తింటే చలి కాస్త వెనక్కి తగ్గుతుంది.

ఈ యాత్రకు గమ్యం కెల్సో. టీవియట్ నది వచ్చి ట్వీడ్‌లో కలిసే చోట ఉన్న ఊరు. 1797 వరదల్లో పాత వంతెన కొట్టుకుపోతే, కొత్తదాన్ని రెన్నీ 1800లో మొదలుపెట్టి 1803లో ముగించాడు. అయిదు కమానులు, 72 అడుగుల వెడల్పు, అన్నీ సమానం, అన్నీ అర్ధ దీర్ఘవృత్తాలే. దారి సమతలం. స్తంభాల మీద జంట రాతి కంబాలు. వాటర్లూ వంతెనను బొమ్మల్లో చూసి వచ్చినవాడికి ఇక్కడ ఒళ్ళు జలదరిస్తుంది. అది ఇదే. తొమ్మిది బదులు అయిదు. నీళ్ళు పలచగా, గులకరాళ్ళు కనిపించేంత తేటగా పారుతాయి. మధ్యాహ్నం ఎండ వాలితే కమానుల కింద వెలుగు అలల ఆకారంలో కదులుతుంది. మోనే గీయాలనుకున్నది అలాంటి వెలుగునే, అయితే ఆయనకు పొగలో దొరికింది.

ఇంత దూరం రావడానికి కారణం ఇంకో అభ్యంతరం. వాటర్లూ వంతెన ఆలోచన రెన్నీది కాదనేవాళ్ళున్నారు. మొదట జార్జ్ డాడ్ అనే ఇంజనీరు పెరోనే నోయీ వంతెనను అనుకరిస్తూ ఒక నమూనా ఇచ్చాడు. దాన్ని పరిశీలించి చెప్పమని కంపెనీ రెన్నీని పిలిచింది, చివరకు పని రెన్నీకి దక్కింది. నిజమే. సమానమైన చదును కమానులకు ఆద్యుడు పెరోనే అనడంలో తప్పు లేదు, రెన్నీ గౌరవం దానివల్ల తగ్గదు. కానీ డాడ్ నమూనా నుంచి ఎత్తుకొచ్చాడన్న మాట కెల్సోలో నిలవదు. లండన్‌లో ఆ కంపెనీ పుట్టకముందే, ఈ చలి ఊళ్ళో, ఈ చిన్న నది మీద, ఆయన ఆ లెక్కను కట్టి చూపించాడు. ఒక్కడి పేరే ఎందుకు, రాయి చెక్కిన చేతుల సంగతేమిటని అడిగితే, ఆ ప్రశ్నకు నేను తలవంచుతాను. ఆ పేర్లు దొరికిన ప్రతిచోటా రాయాలి. దొరకని పేర్లను చూపించి దొరికిన పేరును కూడా చెరిపేస్తే మాత్రం ఎవరికీ న్యాయం జరగదు. ఆ శ్రామికులందరి పని ఏ లెక్క చుట్టూ అల్లుకుందో చెప్పే గుర్తు కూడా అప్పుడు పోతుంది.

మన దగ్గర ఈ బాకీ తలకిందులుగా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పటం డెల్టాలో ఇళ్ళ గోడల మీద దేవుళ్ళ పక్కన ఉంటుంది, విగ్రహాలకు దండలు పడతాయి. 1852లో పూర్తయిన పనికి ఇప్పటికీ కృతజ్ఞత చెప్పే జనం మనవాళ్ళు. అదే గోదావరి మీద 1997లో వచ్చిన ఆర్చి వంతెన బొమ్మ సినిమాల్లో, పెళ్ళి ఫొటోల్లో, టీషర్టుల మీద ఎక్కడ చూసినా ఉంది. దాన్ని రూపొందించిన ఇంజనీర్ల పేరు చెప్పమంటే రాజమండ్రి గట్టు మీద నిలబడ్డవాళ్ళు కూడా తడుముకుంటారు. కాటన్‌ను పొలానికి నీరొచ్చింది కాబట్టి తలుచుకున్నాం. కంటికి అందం ఇచ్చినవాళ్ళను కూడా తలుచుకోవాలి. ఆ వంతెన బొమ్మ గీసేవాళ్ళు, ఫొటో తీసి గోడకెక్కించేవాళ్ళు, క్యాలెండరు అచ్చు వేసేవాళ్ళు అడుగున ఒక్క వరస చేర్చండి, అది ఎవరి లెక్కో చెప్పండి. గ్యాలరీలవాళ్ళకూ నా విన్నపం అదే.

కెల్సో వంతెన దక్షిణపు కొసన జంట దీపస్తంభాలున్నాయి. పాత వాటర్లూ వంతెనను విప్పినప్పుడు లండన్ నుంచి తెచ్చి ఇక్కడ నిలబెట్టినవి.